తెల్లకోటు లేనివారికీ ప్రజారోగ్యంలో పని ఉన్నది



సాధారణంగా ఇక్కడ నేను మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, వర్షాకాలపు జ్వరాల గురించి వ్రాస్తుంటాను. ఈసారి ఒక వ్యాధి గురించి కాక ఒక వృత్తి గురించి వ్రాయదలచుకొన్నాను. డిగ్రీ చివరి సంవత్సరాలలో ఉన్న పిల్లలు, వారి తల్లిదండ్రులు నన్ను అడుగుతున్న ప్రశ్నలే ఇందుకు కారణం. నెల క్రితం ఒక తండ్రి ఫోనులో అడిగిన మాటలు దాదాపు ఇలా ఉన్నవి: "డాక్టరుగారూ, మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ చదువుతున్నది. పబ్లిక్ పాలసీ వైపు వెళ్తానంటున్నది. ఇంటర్న్‌షిప్ కోసం ఢిల్లీ వెళ్తుందట, అక్కడ జీతం ఇవ్వరట. ఆ తరువాత ఆరోగ్య రంగంలో పని చేస్తుందట. డాక్టరు కాని పిల్ల ఆరోగ్య రంగంలో చేసేదేమిటండీ? ఇది అన్నం పెట్టే చదువేనా?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు, భయం ఉన్నది. మన ఇళ్లలో చదువంటే వైద్యం, ఇంజనీరింగు, లేకపోతే గ్రూపు పరీక్షలు. నాలుగవది చెబితే తండ్రి భయపడటం సహజమే. ఆయనకు ఫోనులో పది నిమిషాలలో చెప్పినది సరిపోలేదనిపించి ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

పబ్లిక్ పాలసీ అనే మాటను మన పత్రికలు "ప్రజా విధానం" అని అనువదిస్తున్నవి. వినగానే శాసనసభ, బడ్జెట్టు ప్రసంగం, నిపుణుల సంఘం కళ్లముందు కదులుతాయి. నా అనుభవంలో అది అంతకంటె చాలా చిన్న చోట నివసిస్తుంది. ఒక దరఖాస్తులోని గడిలో, ఒక ఫారంలోని నిలువు వరుసలో నివసిస్తుంది. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా ఉద్యోగపు తొలి సంవత్సరాలకు వెళ్లాలి.

డెబ్బైల చివరలో గోదావరి ఏజెన్సీ అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఒక శ్రావణమాసపు రాత్రి పదకొండేళ్ల బాలుణ్ణి నులకమంచం మీద మోసుకొని వచ్చారు. నేలమీద చాప పరచుకొని నిద్రిస్తుండగా కట్లపాము కరిచింది. కనురెప్పలు వాలిపోతున్నవి, మాట ముద్దగా వస్తున్నది; విషం నరాల మీద పనిచేస్తున్నదని చూడగానే తెలుస్తున్నది. మా బీరువాలో విషానికి విరుగుడు మందు ఒక్క వయల్ కూడా లేదు. జిల్లా కేంద్రంలోని మందుల గిడ్డంగిలో ఉన్నది. ఒక కాంట్రాక్టరు జీపు అడిగి తీసుకొని బయలుదేరాము. వెనుక సీటులో నేను, బాలుని తల్లి. ఊపిరి మందగించినప్పటి నుంచి చేతనైనంతసేపు కృత్రిమ శ్వాస ఇచ్చాను. సగం దారిలో ప్రాణం పోయింది.

మందు దేశంలో లేక కాదు, జిల్లాలో లేక కాదు. మరి మా వద్దకు ఎందుకు రాలేదు? ప్రతి సంవత్సరం మేము మందులకు ఇండెంటు పంపేవాళ్లము. ఆ ఫారంలో "గత సంవత్సర వినియోగం" అని ఒక వరుస ఉండేది. జిల్లా కార్యాలయం ఆ అంకెకు పదిశాతం కలిపి కేటాయింపు చేసేది. మా కేంద్రానికి అంతకుముందు ఎన్నడూ ఆ మందు రాలేదు కనుక వినియోగం సున్నా. సున్నాకు పదిశాతం కలిపినా సున్నాయే. పాము కరిచినవారు మందు లేదని తెలిసి మా వద్దకు రావడం మానివేసి మంత్రగాని వద్దకో, నేరుగా జిల్లా ఆసుపత్రికో వెళ్లేవారు. అందువల్ల మా రిజిస్టరులోనూ కేసులు కనిపించేవి కావు. కాగితం మీద చూస్తే మా ప్రాంతంలో పాములే లేవు!

నేను పై అధికారులకు వరుసగా ఉత్తరాలు వ్రాశాను. చివరకు దారి చూపినవారు జిల్లా కార్యాలయంలోని ఒక సీనియర్ అసిస్టెంటు. బీకాం చదివినవారు. "డాక్టరుగారూ, మీరు ఎన్ని ఉత్తరాలు వ్రాసినా ఫారం మారనిదే కేటాయింపు మారదండీ" అన్నారు. తానే రెండు ఆదివారాలు జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టరు ముందు కూర్చొని, పాముకాటు కేసులు ఏ బ్లాకు నుంచి ఎన్ని వచ్చాయో, ఏ నెలలలో వచ్చాయో లెక్క తీశారు. వాడిన వయల్స్ బదులు ఆ ప్రాంతం నుంచి వచ్చిన కేసుల సంఖ్యను ఆధారంగా తీసుకోవాలని ఒక పేజీ నోటు పెట్టారు. ఫైలు కదిలింది. మరుసటి వానాకాలానికి ముందు మాకు పది వయల్స్ వచ్చాయి. పది అంటే ఒక్క రోగికి తొలి మోతాదు మాత్రమే. అయినా ఆ ఏడు ఒక రైతుకూలీ మా కేంద్రం నుంచి నడిచి ఇంటికి వెళ్లాడు.

ఆ సీనియర్ అసిస్టెంటు చేసినదే పబ్లిక్ పాలసీ. ఆయనకు ఆ పేరు తెలియదు, నాకూ అప్పట్లో తెలియదు. ఇప్పుడు దానిని రెండేళ్ల కోర్సుగా చెబుతున్నారు, మంచిదే.

ఇదే సమస్యను పెద్ద స్థాయిలో పరిష్కరించిన రాష్ట్రం తమిళనాడు. 1994లో అక్కడ తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్‌ను నెలకొల్పారు. రాష్ట్రానికంతటికీ అవసరమైన మందులను ఒకేచోట టెండరు ద్వారా కొని, నాణ్యత పరీక్ష చేయించి, జిల్లా గిడ్డంగులకు చేర్చే ఏర్పాటు అది. అందులో నాకు అన్నిటికంటె నచ్చినది పాస్‌బుక్కు పద్ధతి. ప్రతి ఆసుపత్రికీ ఇంత విలువ అని ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితిలో జాబితా నుంచి తనకు కావలసిన మందును తానే ఎంచుకొని తెచ్చుకోవచ్చు. బ్యాంకు పుస్తకంలో వలె నిల్వ కనిపిస్తూ ఉంటుంది. ఎవరో పై నుంచి పంపినది తీసుకోవడం కాదు. తరువాత అనేక రాష్ట్రాలు ఆ నమూనాను అనుసరించాయి. ఈ ఏర్పాటు నడవడానికి వైద్యులు ఎంత అవసరమో, టెండరు షరతులు వ్రాయగలిగినవారు, గిడ్డంగి లెక్క చూడగలిగినవారు, కంప్యూటరులో నిల్వల పట్టిక రూపొందించగలిగినవారు అంతే అవసరం. ఆ తండ్రి అడిగిన "డాక్టరు కాని పిల్ల చేసేదేమిటి" అన్న ప్రశ్నకు ఇదొక సమాధానం.

మరొకటి కూడా చెప్పాలి. నేను పనిచేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే భావన మన దేశంలో స్థిరపడినది భోర్ కమిటీ నివేదికతో. 1943లో నియమించిన ఆ సంఘం 1946లో నివేదిక ఇచ్చింది. అధ్యక్షుడు సర్ జోసెఫ్ భోర్ వైద్యుడు కాదు, ఐసీఎస్ అధికారి. అలాగని వైద్యులు దూరంగా ఉండాలనీ కాదు. మన ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె వైద్యునిగా పేరు తెచ్చుకొన్న డాక్టర్ కె. శ్రీనాథరెడ్డిగారు తరువాత పొగాకు నియంత్రణకు, ప్రజారోగ్య విద్యకు తమ కాలాన్ని వెచ్చించారు. 2006లో ఆరంభమైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షులు. రెండు వైపుల నుంచీ ఈ దారిలోకి రావచ్చు.

ఇక చదువుల సంగతి త్వరగా చెబుతాను. ప్రజారోగ్యంలో మాస్టర్స్ అనే ఎంపీహెచ్ కోర్సును మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మేనోన్ కేంద్రం 1997లో ప్రారంభించింది. ఇప్పుడు హైదరాబాదులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోను, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను ఉన్నది. చాలాచోట్ల వైద్యేతర పట్టభద్రులనూ తీసుకొంటారు. పబ్లిక్ పాలసీ నేరుగా చదవాలంటే టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వారి హైదరాబాదు ప్రాంగణం, గీతం వారి కౌటిల్య స్కూలు, బెంగళూరులో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నవి. వీటి ఫీజుల మధ్య వ్యత్యాసం చాలా ఎక్కువ. చేరే ముందు ఫీజుతోబాటు, గత మూడేళ్లలో చదివినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడిగి తెలుసుకోండి. సంస్థ చెప్పకపోతే ఆ విద్యార్థులనే వెతికి అడగండి.

ఉద్యోగాల గురించి తల్లిదండ్రులకు తీపిమాటలు చెప్పను. ఈ రంగంలో మొదటి ఐదారేళ్లు ఎక్కువగా కాంట్రాక్టు పనులే. జాతీయ ఆరోగ్య మిషన్‌లో జిల్లా ప్రోగ్రాం మేనేజర్లు, కన్సల్టెంట్లు ఉంటారు. ఒప్పందం గడువు తీరినప్పుడల్లా పొడిగింపు కోసం ఎదురుచూడవలసిందే. స్వచ్ఛంద సంస్థలలో ప్రాజెక్టు ముగిస్తే పని ముగుస్తుంది. స్థిరమైన ఉద్యోగం కావలసినవారికి మన పిల్లలు అంతగా పట్టించుకోని రెండు దారులు ఉన్నవి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనమిక్ సర్వీసు ఒకటి. ఇందుకు అర్థశాస్త్రంలో పీజీ కావాలి. రెండవది ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు. డిగ్రీలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. రాష్ట్ర స్థాయిలో గణాంక అధికారుల పోస్టులు కూడా వస్తుంటాయి. సివిల్స్ అంటే కలెక్టరే అనుకొనే మన ఊళ్లలో ఈ సర్వీసుల పేరు చెబితే "అదేమిటి" అంటారు. ప్రభుత్వం ఏ పథకానికి ఎంత పెట్టాలో తేల్చే లెక్కలు వీరి బల్లల మీదుగా వెళ్తాయి.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌ల వద్దకు వద్దాం. తరచుగా అడిగేది నీతి ఆయోగ్ గురించి. డిగ్రీ రెండవ సంవత్సరం పూర్తి చేసినవారు మొదలు పరిశోధక విద్యార్థుల వరకు దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీవారికి ఇంటర్మీడియట్‌లో 85 శాతం మార్కులు అడుగుతారు. కాలం కనీసం ఆరు వారాలు, గరిష్ఠం ఆరు నెలలు. భత్యం ఉండదు. చట్టసభల పని మీద ఆసక్తి ఉన్నవారికి పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వారి ల్యాంప్ ఫెలోషిప్ చాలా మంచిది. 25 ఏళ్లలోపు పట్టభద్రులను ఒక పార్లమెంటు సభ్యునితో జతచేసి, వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్టు సమావేశాల ముగింపు వరకు పని చేయిస్తారు. ప్రశ్నలు తయారుచేయడం, బిల్లులు చదివి సారాంశం వ్రాయడం అందులో భాగం. దీనికి భత్యం ఉన్నది. పల్లెలో ఉండి నేర్చుకోవాలంటే స్టేట్ బ్యాంకు వారి యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ పదమూడు నెలలు. 21 నుంచి 32 ఏళ్లవారు అర్హులు, భత్యం ఇస్తారు. ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలకు ఐసీఎంఆర్ వారి స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకం 1979 నుంచి ఉన్నది. రెండు నెలలలో ఒక చిన్న పరిశోధన పూర్తి చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంటర్న్‌లను తీసుకొంటుంది. ఒకప్పుడు ఏమీ ఇచ్చేది కాదు. 2020 నుంచి స్టైపెండు ఇస్తున్నది. నిబంధనలు ఏటా మారవచ్చు కనుక దరఖాస్తు పెట్టేముందు ఆయా సంస్థల వెబ్‌సైటులోనే చూసుకొనగలరు. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని, సర్టిఫికెట్టు ఇస్తామని ఎవరైనా మీ వద్దనే డబ్బు అడిగితే ఆ సంభాషణను అక్కడితో ముగించండి.

జీతం లేని ఇంటర్న్‌షిప్ విషయంలో నాకొక అభ్యంతరం ఉన్నది. ఢిల్లీలో ఆరు వారాలు సొంత ఖర్చుతో ఉండగలిగిన పిల్లలు ఎవరు? ఇప్పటికే ఢిల్లీలో ఇల్లున్నవారు, లేదా తండ్రికి స్తోమత ఉన్నవారు. రేషను బియ్యం మీద విధానం వ్రాసే గదిలోకి, రేషను బియ్యం తిని పెరిగిన పిల్ల రాలేని ఏర్పాటు ఇది. ప్రభుత్వ సంస్థలు కనీసం హాస్టలు వసతి అయినా ఇవ్వాలి. అది జరిగేవరకు, అప్పు చేసి ఢిల్లీ పంపమని మాత్రం నేను ఏ తండ్రికీ చెప్పను. అంతకంటె మంచి పాఠశాల మన జిల్లాలోనే ఉన్నది.

దీనికి ఉదాహరణగా నేను ఒక ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు జరిగిన సంగతి చెబుతాను. ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్న ఒక అమ్మాయి ఆరు వారాల ఫీల్డు వర్కుకు వచ్చింది. ఇలాంటి పిల్లలకు సాధారణంగా పాత రిపోర్టులు ఇచ్చి లైబ్రరీలో కూర్చోబెడతారు. ఆ అమ్మాయి ఓపీ చీటీలు వ్రాసే కిటికీ పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటానని అడిగింది. సరే అన్నాను. మూడు వారాలపాటు గర్భిణులు ఎన్ని గంటలకు వస్తున్నారు, ఎన్ని గంటలకు వెళ్తున్నారు, రక్తపరీక్ష చేయించుకొన్నారా లేదా అన్నవి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది.

అప్పుడు తేలినదేమంటే, తూర్పు వైపు గ్రామాల నుంచి వచ్చే గర్భిణులలో అధికసంఖ్యాకులు పరీక్ష చేయించుకోకుండానే వెళ్లిపోతున్నారు. మా వైద్యులు "వీళ్లకు అవగాహన లేదు, చెప్పినా వినరు" అంటుండేవారు. అసలు కారణం బస్సు. ఆ వైపు నుంచి వచ్చే ఒకే ఒక పల్లెవెలుగు మా ఊరికి పదిన్నర దాటాక చేరుతుంది. మా ల్యాబులో రక్తనమూనాలు పదింటి వరకే తీసుకొంటారు. "రేపు పొద్దున్నే రా అమ్మా" అంటే, ఆమె ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకొని మళ్లీ రావాలి. వచ్చినా అదే బస్సు!

అంతవరకు ఎవరైనా కనిపెట్టగలరేమో. ఆ అమ్మాయి అక్కడ ఆగలేదు. ల్యాబు టెక్నీషియన్‌ను నిందిస్తూ రిపోర్టు వ్రాసి ఉంటే అతడు భగ్గుమనేవాడు, విషయం అక్కడితో చల్లారేది. ఆమె అతని వద్ద రెండు రోజులు కూర్చున్నది. పదకొండు నుంచి ఒంటిగంట వరకు కరెంటు కోత, యంత్రం నడవదు, అందువల్ల పదింటికే నమూనాలు ఆపి ఉన్నవాటిని పూర్తి చేస్తున్నాడు. అతని వైపు నుంచి చూస్తే అది న్యాయమే. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక మార్గం ఆలోచించారు: నమూనాలు పన్నెండు వరకు తీసుకొని ఫ్రిజ్‌లో పెట్టడం, కరెంటు వచ్చాక పరీక్షించడం, ఫలితాలు ఏఎన్ఎం ద్వారా గ్రామానికి పంపడం. మూడు పేజీల నోటును ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో పెట్టాము. అయిన ఖర్చు, కొత్త సమయాలు వ్రాసిన ఒక బోర్డు మాత్రమే. రెండు నెలలు తిరగకుండానే పరీక్ష చేయించుకోకుండా వెళ్లేవారు బాగా తగ్గిపోయారు. వారిలో తీవ్రమైన రక్తహీనతతో ఉన్న ఒక స్త్రీని ఏడవ నెలలో గుర్తించి రక్తం ఎక్కించగలిగాము. లేకపోతే ఆమె ప్రసవపు రోజున మా బల్ల మీదకు వచ్చేది. ఆ స్థితిలో వచ్చినవారికి ఏమవుతుందో ప్రసూతి గదిలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరొక రాష్ట్ర ఆరోగ్యశాఖలో సలహాదారుగా పనిచేస్తున్నది. మొదటి ఉద్యోగంలో ఆమె జీతం మా ఫార్మసిస్టు జీతంలో సగమైనా లేదు. ఆ సంగతి కూడా మీకు తెలియాలి. ఇప్పుడు ఫరవాలేదట.

కనుక మీ జిల్లాలోనే అవకాశాలు వెతకండి. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం, మునిసిపల్ కార్యాలయం, కలెక్టరేటులోని ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, సమీప వైద్య కళాశాలలోని కమ్యూనిటీ మెడిసిన్ విభాగం — వీటిలో ఎక్కడా "ఇంటర్న్‌లు కావలెను" అన్న బోర్డు ఉండదు. కాలేజీ ప్రిన్సిపాలు ఉత్తరంతో వెళ్లి, ఫలానా ప్రశ్న మీద ఆరు వారాలు పనిచేస్తానని ఒక పేజీ వ్రాసి ఇవ్వాలి. "ఏదైనా పని ఇవ్వండి సార్" అని వెళ్తే ఎవరికీ తీరిక ఉండదు. హైదరాబాదు దగ్గరలో ఉన్నవారికి ఇంకా సౌకర్యం. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, బేగంపేటలో ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం, తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ ఉన్నవి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదు చేరిన సంస్థ ఇది. మన తిండి మీద ఎంత పని చేసిందో మన పిల్లలకే తెలియదు.

ప్రశ్న ఎలా దొరుకుతుందని అడుగుతారు. రక్తహీనతనే తీసుకొందాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. జిల్లాల వారీగా కూడా ఉన్నవి. 2019–21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంతకుముందు 2015–16 సర్వేలో దేశం మొత్తం మీద అది 53.1 శాతం. గర్భిణులకు, పిల్లలకు ఐరన్ మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైనది. అంటే నేను వైద్య విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి పంచుతూనే ఉన్నాము. మందు తెలుసు, ధర పైసలలో ఉంటుంది, వైద్యశాస్త్రానికి ఇందులో అంతుపట్టనిది అంటూ పెద్దగా లేదు. మరి ఎక్కడ ఆగిపోతున్నది? ఇది నాబోటి వైద్యుడు స్టెతస్కోపుతో తేల్చగలిగిన విషయం కాదు.

ఒక డిగ్రీ విద్యార్థి తన ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్లి, వారానికొకసారి ఇవ్వవలసిన నీలిరంగు ఐరన్ మాత్రలు ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచారు, ఎన్ని బీరువాలో ఉన్నవి అని హెడ్మాస్టరుగారి అనుమతితో లెక్క చూడవచ్చు. పిల్లలతో మాట్లాడితే పరగడుపున మింగితే వికారం వస్తున్నదని, మలం నల్లగా వచ్చిందని ఇంట్లో భయపడి మాన్పించారని, మాత్రను కిటికీలోంచి పారవేస్తున్నామని వారే చెబుతారు. మధ్యాహ్న భోజనం తరువాత ఇస్తే ఏమవుతుందో రెండు నెలలు చూసి వ్రాయవచ్చు. (మలం నల్లబడటం ఐరన్ వల్ల సహజంగా జరిగేదే, అపాయం లేదు. వైద్యుని అలవాటు కొద్దీ ఈ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను.) కార్యాలయాలలో ఉన్న వివరాలు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది; పది రూపాయల రుసుముతో అడగవచ్చు. అయితే మొదటి రోజే ఆ చట్టం పేరెత్తితే తలుపులు మూసుకొంటాయి. ముందు మర్యాదగా అడగండి, టీ తాగండి, మళ్లీ అడగండి.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు తమకు ఈ రంగంలో చోటు లేదని అనుకొంటున్నారు. రిపోర్టులు ఆంగ్లంలోనే ఉంటాయి కనుక ఆంగ్లం నేర్చుకోక తప్పదు, నిజమే. అయితే పెద్ద నగరం నుంచి వచ్చిన సర్వే బృందాలతో నేను గ్రామాలు తిరిగాను. "మీకు రక్తహీనత ఉందా" అని అడిగితే ఆమె లేదనే చెబుతుంది. "రక్తం తక్కువ ఉందని ఎవరైనా చెప్పారా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, కళ్లు తిరుగుతాయా" అని అడిగితే కూర్చోమని చాప వేస్తుంది. పిల్లవాడికి "అతిసారం" వచ్చిందా అంటే అర్థం కాదు, విరేచనాలు అంటే కొన్ని ఊళ్లలో అర్థమవుతుంది, కొన్ని ఊళ్లలో "కడుపు జారడం" అనాలి. ప్రశ్న తప్పుగా అడిగితే జవాబు తప్పుగా వస్తుంది, ఆ అంకె మీదనే పథకం కడతారు. ఈ తేడా తెలిసిన పిల్లలు మన జిల్లా కాలేజీలలో ఉన్నారు. ఆరు వారాల పనిలో మీ మూడు పేజీలు ముందు తెలుగులోనే వ్రాయండి. ఆ తరువాత ఆంగ్లంలోకి మార్చడానికి మీ లెక్చరరు సహాయం చేస్తారు. ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న అయితే నాకు పంపండి. చదివి, ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపుతాను.